మూడో అంతస్తులో మేయరు గారు

మా ఇంట్లో ఒక మేయరు గారు ఉన్నారు. నా మధ్యవేలంత ఎత్తు ఉంటారు. తలపాగా, పంచెకట్టు, పైకెత్తిన కుడిచెయ్యి. కెనడాలో, బ్రాంప్టన్‌లోని మా టౌన్‌హౌస్ మూడో అంతస్తులో, మెట్లు ఆగిపోయే చోట, ఒక లావుపాటి గాజు గొట్టంలో నీళ్ళ మీద తేలుతూ ఉంటారు. ఆయన పైన ఉంటే ఎండ, కిందికి దిగితే వాన. ఆయన్ని నమ్ముకుని నేను పదవి పోగొట్టుకున్నాను. అయితే ఆ రోజు నవ్వినట్టు ఈ దేశం వచ్చాక మరెప్పుడూ నవ్వలేదు కాబట్టి ఆయన మీద నాకు కోపం లేదు.

అసలు మేయరు గారు వేరే. కొన్ని వందల ఏళ్ళ కిందట జర్మనీలో ఒక ఊరిని ఏలిన మనిషి. ఆయన పేరు రాయను. ఎలా పలకాలో నాకూ మా ఆయనకూ ఇప్పటికీ తేలలేదు, ఎలా రాసినా ఇంట్లో గొడవే. యుద్ధంలో కాలి బూడిదైన ఊరిని మళ్ళీ నిలబెట్టే బాధ్యత ఆయన మీద పడింది. పగలంతా జనం తగవులు, రాజుల దగ్గరికి రాయబారాలు. ఇవన్నీ చూసుకుంటూనే, తీరిక దొరికితే గాలికి ఎంత బలం ఉందో కొలిచేవాడు. రెండు రాగి గిన్నెల్ని మూతి మూతి కలిపి, లోపలి గాలి తోడేసి, రెండు వైపులా గుర్రాల్ని కట్టి లాగించాడు. గుర్రాలు చెమటలు కక్కాయి కానీ గిన్నెలు విడిపోలేదు. ఆ తర్వాత చిన్న మర తిప్పి గాలి లోపలికి వదిలితే చేత్తోనే వచ్చేశాయి. ఈ కథ మొదటిసారి చదివినప్పుడు నాకు పద్నాలుగేళ్ళు ఉంటాయేమో, పుస్తకం పక్కన పడేసి గదిలో గంతులు వేశాను.

ఒంగోలులో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పిన రోజుల్లో ఏటా ఈ పాఠం కోసమే ఎదురుచూసేదాన్ని. బాత్రూం తూము మూసుకుపోతే తీసే రబ్బరు గిన్నెలు రెండు కొని, తడిపి, ఒకదానికొకటి నొక్కి, క్లాసులో గట్టి పిల్లల్ని పిలిచి లాగమనేదాన్ని. క్లాసంతా ఈలలు. ప్రిన్సిపాల్ గారు కిటికీలోంచి తొంగి చూసి, తల కొట్టుకుని వెళ్ళిపోయేవారు.

కెనడా వచ్చాక ఒక పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కుదిరాను. మంచి ఉద్యోగమే, మర్యాదగల మనుషులే. కానీ ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ ఫిజిక్స్ గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. అపాయింట్‌మెంట్ ఎప్పుడుంది, నొప్పి పుడుతుందా, పార్కింగ్ ఎక్కడ, ఇవే. నేను చెప్పింది నమ్మి ఒక్క మనిషి ఒక్క పని చేస్తే చాలు, అని అద్దం ముందు నిలబడి పైకే అనుకున్న రోజులున్నాయి. మా ఆయన విని, "నేను నమ్ముతున్నాగా," అనేవారు. ఆయన లెక్కలోకి రారు. ఆయన నమ్మకపోతే అన్నం ఎవరు పెడతారు?

అందుకని ఒక చలికాలం ఆఖర్లో, బయట మంచు కరగక, ఇంట్లో తోచక, మేయరు గారి రెండో పరికరం కట్టడానికి పూనుకున్నాను. ఇది గుర్రాల కథంత పేరున్నది కాదు. ఆయన తన మేడ కింది నుంచి పైదాకా ఒక పొడుగాటి గొట్టం నిలబెట్టి, నీళ్ళు నింపి, పైన ఒక చిన్న బొమ్మని తేలేశాడట. బయట గాలి బలంగా ఉంటే కింద తొట్టిలో నీళ్ళని నొక్కుతుంది, గొట్టంలో నీళ్ళు పైకెక్కుతాయి, బొమ్మ పైకి వెళ్తుంది. తుఫాను వచ్చేముందు గాలి తేలికవుతుంది, నీళ్ళు జారతాయి, బొమ్మ దిగుతుంది. ఒకసారి బొమ్మ మరీ కిందికి దిగితే ఆయన పెద్ద గాలివాన వస్తుందన్నాడు, వచ్చింది. ఊళ్ళో వాళ్ళ ముఖాలు ఎలా మారాయో తలుచుకుంటే నాకు ఇప్పటికీ చక్కిలిగింతలు పెట్టినట్టు ఉంటుంది.

ఆ గొట్టానికి ముప్పై అడుగుల పైచిలుకు ఎత్తు కావాలి. మామూలు ఇళ్ళలో కుదరదు. మాది సన్నగా, పొడుగ్గా, నిచ్చెనలా ఉండే ఇల్లు. బేస్‌మెంటు, దాని మీద మూడు అంతస్తులు, మధ్యలో మలుపులు తిరుగుతూ మెట్లదారి. కొనేటప్పుడు మోకాళ్ళు పోతాయని ఏడ్చాను. ఇప్పుడు ఆ మెట్లదారినే చూసి మురిసిపోయాను.

బేస్‌మెంట్‌లో ఒక తెల్ల బకెట్. అందులోంచి గట్టి ప్లాస్టిక్ గొట్టం మెట్ల పక్కనే పైకి. మూడో అంతస్తులో గాజు గొట్టం. నీళ్ళలో కరిగిన గాలి పోవాలని, పెళ్ళివంటల గిన్నెలో నీళ్ళు మరగబెట్టి, చల్లార్చి, మోసుకెళ్ళి పైనుంచి పోశాం. రంగు కలుపుదామా అని మా ఆయన అడిగారు. అక్కర్లేదు, మేయరు గారు స్వచ్ఛమైన మనిషి అన్నాను. రంగు కలిపి ఉంటే ఈ కథే ఉండేది కాదు. బొమ్మ మాత్రం మా అత్తయ్యగారు తెచ్చిన కొండపల్లి బొమ్మల్లోది. ఎద్దులబండి విరిగిపోయి బండివాడు ఒక్కడే మిగిలాడు. నిటారుగా నిలబడడానికి పాదాల కింద చిన్న మేకు దిగ్గొట్టాం. ఆ విధంగా ఒక బండివాడికి మేయరు పదవి వచ్చింది.

పై మూత బిగించి, కింద గొట్టం మూతికున్న బిరడా లాగిన క్షణం మర్చిపోలేను. నేను బకెట్ దగ్గర, మా ఆయన పైన. "దిగుతున్నాడు! దిగుతున్నాడు! అయ్యో, ఆగాడే!" అని పైనుంచి కేక. నేను మెట్లన్నీ ఒక్క పరుగున ఎక్కాను. సరిగ్గా నా కళ్ళ ఎత్తున, నీళ్ళ మీద ఊగుతూ, చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు. పైన ఖాళీ. గాలి కూడా లేని ఖాళీ. నేను మా ఆయన్ని కౌగిలించుకుని గెంతితే గొట్టం ఊగి, మేయరు గారు కూడా మాతో గెంతారు.

బకెట్ లోపల ఎర్రటి నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీశాను. నీళ్ళు ఎప్పుడూ ఆ గీత దగ్గరే ఉండాలి. బకెట్‌లో నీళ్ళు ఎంత తగ్గితే పైన మేయరు అంత కిందికి దిగుతాడు. అందుకే వారానికోసారి ఆవిరైపోయినంత మేరకు కాచిన నీళ్ళు పోసేదాన్ని.

మేయరు గారు మొదట్లోనే పేరు తెచ్చుకున్నారు. మార్చిలో ఫ్రీజింగ్ రెయిన్, అదే పడ్డచోటే గడ్డకట్టే వాన, పడేముందు దిగారు. పెద్ద గాలులకి ముందు దిగారు. నేను మా తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో "మేయరు గారు దిగారు, కార్లు జాగ్రత్త" అని పెట్టడం మొదలుపెట్టాను. కొందరు నవ్వు బొమ్మలు పెట్టేవారు. ఒకరిద్దరు దండాలు పెట్టేవారు. ఉగాదికి నన్ను సంఘానికి ప్రెసిడెంటుగా ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. ఏకగ్రీవంగా అంటే ఇంకెవరూ ఒప్పుకోలేదని. అయినా నేను కొత్త చీర కట్టుకుని వెళ్ళాను. మేయరు గారికీ పదవి, నాకూ పదవి. నాలుగు రోజులు నా కాళ్ళు నేల మీద లేవు.

నాకు ముందు చాలా ఏళ్ళు ఆ కుర్చీలో ఉన్నది కరీంనగర్ అంకుల్. కరెంటు ఆఫీసులో ఇంజనీరుగా చేసి రిటైరై, కూతురి దగ్గర ఉంటున్నారు. మనిషి మంచివాడే కానీ కుర్చీ దిగినా కుర్చీ మీద నుంచి చూపు దిగలేదు. నేను ఏది చేసినా, "మా టైంల గిట్ల లేకుండె," అనేవారు. సమోసాలు చల్లారినా అదే మాట, మైకు పనిచేసినా అదే మాట.

జులైలో వనభోజనాలు. ఊళ్ళో అయితే కార్తీకంలో చేస్తాం. ఇక్కడ కార్తీకంలో వనంలో కూర్చుంటే భోజనం కంటే ముందు మనం గడ్డకడతాం, కాబట్టి ఎండాకాలానికి మార్చుకున్నాం. ఉసిరిచెట్టు దొరకదు గనుక ఉసిరికాయ పచ్చడి సీసాని మేపుల్ చెట్టు కొమ్మకు కట్టి, దాని కింద దండం పెట్టుకుని తింటాం. నా హయాంలో మొదటి పెద్ద కార్యక్రమం అదే. పార్కులో షెల్టర్ బుక్ చేశాను. అరిటాకులు తెప్పించాను. శనివారం భోజనాలు.

శుక్రవారం సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే మేయరు గారిని చూడ్డానికి మూడో అంతస్తు ఎక్కాను. ఆయన కనబడలేదు. వంగి చూస్తే, ఎక్కడో కింద, మామూలుగా ఉండే చోటికి జానెడు కంటే ఎక్కువ దిగి ఉన్నారు. అంత కిందికి ఎప్పుడూ దిగలేదు. నా గుండె దడదడలాడింది. భయంతో కాదు, సంతోషంతో. ఇన్నేళ్ళకు నాకూ ఒక తుఫాను దొరికింది.

వెంటనే గ్రూపులో పెట్టాను. రేపు భారీ గాలివాన, పార్కు వద్దు, అందరూ మా ఇంటికి రండి, గరాజ్‌లో భోజనాలు. ఫోన్లలో వాతావరణం చూస్తే శనివారం గుండ్రటి పసుపు సూర్యుడు. గ్రూపంతా గొల్లున నవ్వింది. అంకుల్ ఆడియో పెట్టారు. "ఏందమ్మా ప్రెసిడెంటూ, ఆకాశం అద్దం లెక్క ఉన్నది. బొమ్మ చెప్పిందని పార్కు క్యాన్సిల్ జేస్తవా? మా టైంల గిట్ల లేకుండె."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ ఆఖరి మాటతో అది ముక్కు దిగి వేళ్ళలోకి వచ్చింది. "రేపు విస్తళ్ళు వేసే వేళకి మబ్బు కూడా పట్టకపోతే ప్రెసిడెంట్ పదవికి రాజీనామా చేస్తాను. అంకుల్ గారే మళ్ళీ కూర్చోవచ్చు," అని టైప్ చేసి పంపేశాను. మా ఆయన చదివి సోఫాలో కూలబడ్డారు.

"డిలీట్ చెయ్యవే, ఇంకా టైముంది."

"చెయ్యను. మీరు నమ్ముతున్నారా లేదా?"

"నమ్ముతున్నా. కానీ నిన్నా, బొమ్మనా అని అడక్కు."

శనివారం తెల్లవారేసరికి ఎండ ఫెళ్ళున కాస్తోంది. ఆకాశంలో దూదిపింజంత మబ్బు లేదు. పక్కింటి పంజాబీ ఆంటీ బట్టలు బయట ఆరేస్తూ, "బ్యూటిఫుల్ డే!" అంది. నాకు ఆవిడని కూడా కొట్టాలనిపించింది.

జనం వచ్చారు. రాకపోతే బాగుండు అనుకున్నవాళ్ళంతా మరీ ముందొచ్చారు. గరాజ్ చాలక ముందు దారిలో టెంటు వేశాం. టెంటు కింద గ్యాసు పొయ్యి మీద పెద్ద మూకుడులో నూనె, మిరపకాయ బజ్జీలు, చుట్టూ పిల్లలు. అంకుల్ తెల్లటి లాల్చీలో నవ్వుకుంటూ దిగి, ఆకాశం వైపు చేయెత్తి నమస్కారం పెట్టారు, సూర్యుడికో నాకో. అందరూ నా ముఖం చూస్తున్నారు. ఒకావిడ గొడుగు పట్టుకుని వచ్చి, "మీ కోసమే తెచ్చానండీ," అంది. ఆ గొడుగు పట్టుకుని వాకిట్లో ఎండలో నిలబడితే నాకు ఏడుపు రావాలి, నవ్వు వస్తోంది.

"ఏదమ్మా, మీ మేయర్‌ని సూపియ్యి," అన్నారు అంకుల్.

మెట్ల నిండా క్యూ కట్టారు. బేస్‌మెంట్ నుంచి మూడో అంతస్తు దాకా తల మీద తల. ఇంట్లో గుడి ఉన్నట్టు చెప్పులు బయట విప్పి మరీ ఎక్కారు. నేను పైన గాజు గొట్టం పక్కన నిలబడి చెప్పడం మొదలుపెట్టాను. జర్మనీ, కాలిపోయిన ఊరు, గుర్రాలు, రాగి గిన్నెలు. గుర్రాలు లాగే చోట ఇటు రెండు మెట్ల వాళ్ళని, అటు రెండు మెట్ల వాళ్ళని చున్నీ పట్టుకుని లాగమన్నాను. ఇళ్ళలో తెలుగు వింటూ ఇంగ్లీషులో బదులిచ్చే పిల్లలంతా రెయిలింగ్ పట్టుకుని వేలాడుతున్నారు. ఒక పిల్ల, "బట్ ఆంటీ, వై డజంట్ ఇట్ ఆల్ జస్ట్ ఫాల్ డౌన్?" అని అడిగింది.

ఈ దేశంలో నన్ను అడిగిన మొదటి ఫిజిక్స్ ప్రశ్న అది. పదవి పోయే రోజున వచ్చింది. "ఎందుకంటే నువ్వూ నేనూ చూడని ఒకటి కింద బకెట్‌ని నొక్కి పట్టుకుంది కన్నా," అన్నాను. తెలుగులోనే చెప్పాను, ఆ పిల్లకి అర్థమైంది.

సరిగ్గా అప్పుడు, గొట్టానికి ముక్కు ఆనించి చూస్తున్న అంకుల్ కేకేశారు.

"అరే! ఇంక కిందికి పోయిండు! నా కండ్ల ముందట్నే దిగిండు!"

నేను చూశాను. నిజమే. మేయరు గారు రెండు వేళ్ళ మేర దిగారు. ఊగుతూ ఇంకొంచెం దిగారు. తుఫాను కూడా అలా గుటకలు గుటకలుగా రాదు. నేను రెయిలింగ్ మీద నుంచి కిందికి అరిచాను. "బకెట్ దగ్గర ఎవరున్నారూ?"

అట్టడుగు నుంచి మా అత్తయ్యగారి గొంతు తాపీగా వినబడింది. "నేనేనమ్మాయ్. ఏం?"

మా అత్తయ్యగారు అమలాపురం నుంచి వచ్చి ఆరు నెలలైంది. ఆవిడ గది బేస్‌మెంట్‌లోనే. అక్కడ, కిటికీ దగ్గర, ప్రాణం పెట్టి పెంచుతున్న కరివేపాకు మొక్క. దాని పక్కన తులసి, గోంగూర కుండీలు.

"ఏం చేస్తున్నారత్తయ్యా?"

"కరివేపాకుకి నీళ్ళు పోస్తన్నానే. పులిహోరకి రెండు రెబ్బలు కోసేను. కోసేక నీళ్ళు పొయ్యకపోతే అలుగుతాది కదా మరి."

"ఆ నీళ్ళు ఎక్కడివీ?"

"నువ్వు కాచి చల్లార్చి పెట్టే బకెట్లోవే. పంపు నీళ్ళల్లో మందు వాసన, మొక్క మాడిపోతాది. నువ్వు అందుకే కాస్తన్నావనుకున్నానమ్మాయ్. నా మొక్క మీద నీకెంత ప్రేమో అని మా చెల్లికి ఫోన్లో కూడా చెప్పేను. ఈ వారం ఎండలకి చెంబులు కాస్త ఎక్కువే పట్టేయి."

ఆవిడ మాట ఒక్కో అంతస్తు ఎక్కుతుంటే నవ్వు దాని వెనకే ఎక్కింది. ముందు బేస్‌మెంట్ నవ్వింది, తర్వాత మొదటి అంతస్తు, తర్వాత రెండోది. మూడో అంతస్తుకి వచ్చేసరికి ఇల్లు కదిలింది. అంకుల్ గోడకి జారబడి, కళ్ళద్దాలు తీసి, కళ్ళు తుడుచుకుంటూ, "కరివేపాకు... తుఫాను..." అని పూర్తి చేయలేకపోతున్నారు. మా ఆయన మెట్ల మీదే కూర్చుండిపోయారు. నాకు సిగ్గేసింది. నేను గీత చూడకుండా బొమ్మనే చూశాను, ఫిజిక్స్ చెప్పినదాన్ని. అయినా ముందు నవ్వే వచ్చింది. కడుపు పట్టుకుని, గొట్టం పట్టుకుని, పక్కావిడ భుజం పట్టుకుని నవ్వాను.

నవ్వుతూనే మెట్టు మీద నిలబడి రాజీనామా చేశాను. మాట మాటే కదా. "మబ్బు లేదు, వాన లేదు. నాకు పదవి లేదు. అంకుల్ గారూ, మీ కుర్చీ మీరు తీసుకోండి." వద్దు వద్దు అని కొందరన్నారు. కానీ రెండో అంతస్తు వాళ్ళు చప్పట్లు కొట్టేశారు, అంకుల్ చేతులు జోడించేశారు. పనైపోయింది. ఎంత తేలిగ్గా పోయిందో.

"పాపం, మేయర్ని అట్లనే వదిలేస్తమా? నీళ్ళు పోసి లేపుండ్రి," అన్నారు కొత్త ప్రెసిడెంటు.

అప్పుడు జరిగిన సంబరం చెప్పడానికి నాకు మాటలు చాలవు. వంటింట్లో తాగడానికి కాచి పెట్టిన బిందె కిందికి వెళ్ళింది. అత్తయ్యగారే చెంబుతో బకెట్‌లో పోయసాగారు. "పోసేను!" అని ఆవిడ కేక. "పోసిందీ!" అని మొదటి అంతస్తు. "పోసిందీ!" అని రెండో అంతస్తు. పైన మేయరు గారు ఒక్క గుటక పైకి లేచేవారు. "లేచిండూ!" అని అంకుల్. ఆ కేక మళ్ళీ అంతస్తులు దిగి బేస్‌మెంట్ చేరేది. పోసేను, లేచిండు, పోసేను, లేచిండు. పిల్లలు మెట్ల మీద గెంతుతున్నారు. ఎవరో విజిల్ వేశారు. పక్కింటి పంజాబీ ఆంటీ ఏం జరుగుతోందో చూడ్డానికి లోపలికొచ్చి, విషయం తెలియకుండానే చప్పట్లు కొట్టింది. బొమ్మ ముఖం, అంకుల్ ముఖం గాజుకి చెరో వైపూ వెలిగిపోతున్నాయి.

"గీత దగ్గరికొచ్చింది, ఆపెయ్యనా?" అని అత్తయ్యగారు.

అంకుల్ గొట్టం చూశారు. మామూలుగా మేయరు గారు నిలబడే చోట నేను గాజు మీద ఒక బొట్టు బిళ్ళ అతికించాను. ఆయన తల దానికి నాలుగు వేళ్ళు కింద ఆగింది.

"ఇంకొంచెం పొయ్యమనుండ్రి. బొట్టు కాడికి రాలె."

"గీత దాటకూడదండీ," అన్నాను.

"గీత కాడికొచ్చినంక ఈడ బొట్టు కాడికి రావాలె గదా?"

"రావాలి."

"మరి రాలేదేంది?"

నేను గాజు మీద బొట్టు బిళ్ళని వేలితో నొక్కి సరిచేశాను. చెబితే మళ్ళీ నవ్వుతారు. పదవి పోయిన మనిషిని, తుఫాను కోసం ఇంకా ఆశపడుతోందంటారు. అంకుల్ నా ముఖం చూశారు, బొమ్మని చూశారు, మళ్ళీ నా ముఖం చూశారు. ఒకప్పుడు కరెంటు మీటర్లు చదివిన కళ్ళు. నవ్వు మెల్లగా పోయింది.

"బకెట్ దోషం బాయె," అన్నారు మెల్లగా. "ఇప్పుడున్నది గాలి దోషమేనా?"

"నేనైతే అలాగే అనుకుంటానండీ."

"ఎంతసేపట్ల?"

"చెప్పలేను. కానీ నేనైతే ఆ నూనె మూకుడు దగ్గర పిల్లల్ని ఉంచను."

ఆయన లాల్చీ సర్దుకుని మెట్లు దిగారు. నేను వెనకే వెళ్ళాను. బయట అదే ఎండ, కళ్ళు చెదిరే ఎండ. టెంటు కింద బజ్జీలు చిటపటలాడుతున్నాయి. అంకుల్ వాకిట్లో నిలబడి పెద్దగా అన్నారు, "పొయ్యి బంద్ చెయ్యుండ్రి. మూకుడు లోపలికి. టెంట్ ఇప్పుండ్రి. పిల్లలంత గరాజ్‌లకి."

జనం మళ్ళీ నవ్వారు. "ఏంటంకుల్, మీరు కూడానా?" అన్నారొకరు. "ఆకాశం చూడండి," అన్నారింకొకరు.

"ఆకాశం కాదు బిడ్డా, ఆమె జెప్పింది," అన్నారు అంకుల్. "ప్రెసిడెంట్‌ని నేను. ఇప్పుండ్రి అంటున్న."

అప్పుడు నేను ఏడ్చాను. ఇంతసేపూ నవ్వినదాన్ని, గొడుగు పట్టుకుని వాకిట్లో నిలబడి ఏడ్చాను. నా మాట మీద, ఆకాశం అబద్ధం చెబుతున్నప్పుడు, ఒక మనిషి ఒక పని చేశాడు. ఇంకేమీ అక్కర్లేదు. ఇక వాన పడకపోయినా నాకు బాధ లేదనిపించింది.

పడింది. గరాజ్‌లో విస్తళ్ళు వేసి, పప్పు, పులిహోర అయిపోయి, పెరుగన్నంలోకి ఉసిరికాయ వడ్డిస్తుంటే వెలుతురు ఒక్కసారిగా పచ్చగా మారింది. గాలి వీధి చివర నుంచి చెత్త డబ్బాలని దొర్లించుకుంటూ వచ్చింది. విప్పకుండా మిగిలిన ఒక్క టెంటు గుడ్డ లేచి పంజాబీ ఆంటీ బట్టల మీద పడింది. ఆ వెంటనే కుండపోత. అందరూ విస్తళ్ళ ముందు చేతులు ఎత్తి కేకలు పెట్టారు. పిల్లలు, "మేయర్! మేయర్!" అని అరుస్తున్నారు. అంకుల్ పెరుగు చేత్తోనే నాకు దండం పెట్టి, "నీ కుర్చీ నీకిచ్చేస్త తల్లీ," అన్నారు. "మీ దగ్గరే ఉంచుకోండంకుల్, నాకు మూడో అంతస్తులో బోలెడు పనుంది," అన్నాను. ఇప్పటికీ ఆయనే ప్రెసిడెంటు. ఇప్పటికీ ఏ పార్కు బుక్ చేయాలన్నా ముందు నాకు ఫోన్ చేసి, "మనోడు యాడున్నడమ్మా?" అని అడుగుతారు.

ఆ గోలలో అత్తయ్యగారు కనబడలేదు. వెతికితే వాకిట్లో, ఆ జోరు వానలో, చీర కొంగు తల మీద కప్పుకుని, చెంబులు, గిన్నెలు, ఖాళీ బిందె అన్నీ వరసగా పేరుస్తున్నారు.

"తడుస్తారత్తయ్యా, లోపలికి రండి!"

"ఉండవే," అన్నారు ఆవిడ, బిందె మూతి సరిచేస్తూ. "ఈ నీళ్ళైతే ఏ మేయరు గారివీ కావు కదా?"